గీజరు నిజంగా ఎన్ని వాట్లు లాగుతోంది? వోల్టేజి, కరెంటు కొలిచి నిరోధం, పవర్ లెక్కగట్టే పద్ధతి

గీజరు మీద 2000 వాట్లు అని రాసి ఉంటుంది. మీ ఇంట్లో అది నిజంగా లాగేది 1850 కావచ్చు, 1950 కావచ్చు. సాయంత్రమైతే వోల్టేజి పడిపోయే వీధిలో 1400కి కూడా దిగొచ్చు. అసలు సంగతి తెలియాలంటే రెండు అంకెలు చాలు: దాని రెండు కొసల మధ్య వోల్టేజి, దానిలోంచి పారే కరెంటు. వీటి నుంచే నిరోధం వస్తుంది, వాట్లు వస్తాయి. గోడలో ఎక్కడో లోలోపల మాడుతున్న స్విచ్చు కూడా వీటితోనే దొరుకుతుంది. లెక్క బడిపిల్లలు చేసేంతదే. తప్పులు దాదాపు అన్నీ కొలతలోనే దొర్లుతాయి కాబట్టి ఇక్కడ కొలతకే ఎక్కువ చోటు ఇచ్చాం.

ముందుగా ఒక మాట. మనం 'కరెంటు పోయింది' అన్నప్పుడు కరెంటు అంటే సరఫరా. ఈ వ్యాసంలో కరెంటు అంటే తీగలో ఎంత పారుతోందన్నది మాత్రమే, అంటే ఆంపియర్లు. 'మా ఊళ్ళో కరెంటు తక్కువగా వస్తోంది' అని ఎవరైనా అంటే ఆయన చెప్పేది వోల్టేజి గురించి.

సూత్రాలు

నిరోధం (ఓములు) = వోల్టేజి ÷ కరెంటు
పవర్ (వాట్లు) = వోల్టేజి × కరెంటు

ఈ రెండింటినీ కలిపితే ఇంకో రెండు పుడతాయి:

పవర్ = కరెంటు × కరెంటు × నిరోధం
పవర్ = వోల్టేజి × వోల్టేజి ÷ నిరోధం

ఏది ఎప్పుడు వాడాలన్న సందేహం చాలామందికి ఉంటుంది. తీగలో, జాయింటులో, స్విచ్చులో పుట్టే వేడి తెలియాలంటే మూడోది వాడాలి, ఎందుకంటే అక్కడ మన చేతిలో ఉండేది కరెంటే. హీటరు, ఇస్త్రీపెట్టె లాంటివి వోల్టేజి మారితే ఎలా నడుస్తాయో తెలియాలంటే నాలుగోది. ఈ నాలుగో సూత్రంలో వోల్టేజి స్థానంలో పొరపాటున లైను మొత్తం వోల్టేజి వేసి, నిరోధం స్థానంలో తీగ ముక్క నిరోధం వేస్తే వేల వాట్ల అంకె వస్తుంది. తీగ రెండు కొసల మధ్య ఉండేది 230 కాదు, రెండో మూడో వోల్టులు. ఏ వస్తువు నిరోధం వేశారో ఆ వస్తువు కొసల మధ్య వోల్టేజే వేయాలి.

ఇంకో చోట కూడా చేయి జారుతుంది. మీటరు మిల్లీఆంపియర్లలో 350 చూపిస్తే లెక్కలో 0.35 వేయాలి. 350 వేస్తే ఫ్యాను ఊరంతటి లోడు లాగుతున్నట్టు తేలుతుంది. అది వెంటనే కనిపించే తప్పు కాబట్టి ప్రమాదం లేదు. 0.35కి బదులు 0.035 వేస్తే మాత్రం జవాబు కాస్త నమ్మేలాగే ఉండి కొంప ముంచుతుంది.

ముందు 12 వోల్టుల మీద చేయి తిప్పండి

230 వోల్టుల జోలికి వెళ్ళే ముందు ఒక 12 వోల్టుల బ్యాటరీ, బైకు ఇండికేటర్ బల్బు (12 వోల్టులు, 10 వాట్లు), రెండు తీగ ముక్కలు, మామూలు మల్టీమీటరు దగ్గర పెట్టుకోండి. తప్పు చేసినా మీటరో దాని ఫ్యూజో పోతుంది తప్ప ప్రాణానికి ఏమీ కాదు. బ్యాటరీ కొసలు రెండూ నేరుగా తగలకుండా చూసుకుంటే చాలు.

1. బల్బును విడిగా పట్టుకుని ఓముల 200 రేంజిలో కొలవండి. అంతకన్నా ముందు రెండు ప్రోబుల మొనలు ఒకదానికొకటి ఆనించి చూడండి. 0.3 నుంచి 0.5 దాకా చూపిస్తుంది. అది లీడ్ల (ప్రోబుల తీగల) సొంత నిరోధం. బల్బు 1.9 చూపిస్తే, లీడ్లవి 0.4 తీసేయగా, బల్బుది 1.5 ఓములు.

2. ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి. నాబ్‌ను డీసీ 10 ఆంపియర్లకు తిప్పండి. బ్యాటరీ ప్లస్ నుంచి మీటరు, మీటరు నుంచి బల్బు, బల్బు నుంచి బ్యాటరీ మైనస్. కరెంటు మీటరు గుండానే పోవాలి. 0.81 వచ్చిందనుకుందాం.

3. ఇప్పుడు ఎర్ర ప్రోబును తప్పకుండా వోల్టుల రంధ్రంలోకి తిరిగి మార్చండి. మీటరు తీసిన ఖాళీలో తీగ ముక్క పెట్టి బల్బు వెలిగించి, బల్బు కొసల మీదే వోల్టేజి చూడండి. 12.4 అనుకుందాం.

లెక్క: 12.4 ÷ 0.81 = 15.3 ఓములు. 12.4 × 0.81 = 10 వాట్లు.

చల్లగా ఉన్నప్పుడు 1.5 ఓములు, వెలుగుతున్నప్పుడు 15.3. పది రెట్లు. మీటరు తప్పు కాదు, లెక్క తప్పు కాదు. టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. వోల్టేజి, కరెంటు ఒకే పాళ్ళలో మారతాయని జర్మన్ శాస్త్రవేత్త గేయార్గ్ సైమన్ ఓమ్ 1827లో అచ్చేసిన నియమం ఉష్ణోగ్రత మారనంత వరకే సూటిగా పనిచేస్తుంది. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓములు (230 × 230 ÷ 100). దాన్నే చల్లగా మల్టీమీటరుతో కొలిస్తే నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. ఈ 40 ఓములను పట్టుకుని 230 × 230 ÷ 40 = 1300 వాట్లు అని తేల్చేవాళ్ళు ఉన్నారు. స్విచ్చు వేసిన తొలి క్షణంలో అంత లాగే మాట నిజమే. ఫిలమెంటు బల్బులు స్విచ్చు వేసేటప్పుడే ఎక్కువగా పోవడానికి కారణాల్లో ఇదొకటి.

గీజరు, ఇస్త్రీపెట్టెల్లో వాడే నైక్రోమ్ తీగ ఇలా మారదు. చల్లగా ఉన్నప్పటికీ కాలుతున్నప్పటికీ తేడా కొద్ది శాతమే. అందుకే హీటర్ల విషయంలో చల్లటి కొలతను నమ్మవచ్చు.

మూడో మెట్టులో రంధ్రం మార్చమని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రోబు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా మీటరు లోపల దాదాపు నేరుగా ఒక రాగి తీగ ముక్క ఉన్నట్టే. అలాగే మర్చిపోయి గోడ సాకెట్లో పెడితే ఫేజు, న్యూట్రల్ షార్టవుతాయి. చవక పసుపు మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజు కూడా ఉండదు. మీటరు చేతిలోనే పేలుతుంది. పైగా ఆ రకం మీటర్లలో ఏసీ (ఇంటి సరఫరా రకం) కరెంటు కొలిచే రేంజే లేదు, ఉన్నది డీసీకి (బ్యాటరీ రకానికి) మాత్రమే. కాబట్టి ఇంటి సరఫరాలో కరెంటు కొలవడానికి ఆ మీటరును వాడవద్దు.

రెసిస్టరు ఎంచుకోవడం

అదే 12 వోల్టుల మీద ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాలంటే లెక్క తిరగేయాలి. ఎల్‌ఈడీ కొసల మధ్య 2 వోల్టులు ఉంటాయి. మిగతా 10 వోల్టులు రెసిస్టరు మీద పడతాయి. 15 మిల్లీఆంపియర్లు చాలనుకుంటే 10 ÷ 0.015 = 667 ఓములు. బజారులో దొరికే దగ్గరి విలువ 680. అందులో పుట్టే వేడి 10 × 10 ÷ 680 = 0.147 వాట్లు. పావు వాటు రెసిస్టరు చాలనిపిస్తుంది. కానీ బైకు నడుస్తున్నప్పుడు లైనులో 14.4 వోల్టులు ఉంటాయి. అప్పుడు 12.4 × 12.4 ÷ 680 = 0.226 వాట్లు, అంటే పావు వాటు హద్దుకు అంగుళం దూరం. అర వాటుది వేయండి. ఎల్‌ఈడీని కూడా రెసిస్టరులా భావించి '2 ÷ 0.015 = 133 ఓములు' అని లెక్కేస్తే అంకె వస్తుంది గాని దానికి అర్థం లేదు. కరెంటు రెట్టింపయినా ఎల్‌ఈడీ మీద వోల్టేజి దాదాపు అక్కడే ఉంటుంది.

230 వోల్టుల పనికి ఏం కావాలి

క్లాంప్ మీటరు. మన ఎలక్ట్రీషియన్లు టాంగ్ టెస్టరు అంటారు. తీగను తెంపకుండా, చుట్టూ దవడ పట్టిస్తే కరెంటు చూపిస్తుంది. వోల్టేజికి అదే మీటరు లీడ్లు వాడుకోవచ్చు. కొనేటప్పుడు ట్రూ ఆర్‌ఎంఎస్ రకం (అల వంకరగా ఉన్న కరెంటునూ సరిగ్గా కొలిచేది), క్యాట్ త్రీ 600 వోల్టుల ముద్ర (ఇంటి వైరింగు మీద వాడదగ్గ భద్రతా తరగతి) ఉన్నది చూసుకోండి.

దవడలోకి ఒక్క తీగే పోవాలి. గీజరు త్రాడు మొత్తం పెడితే ఫేజులో వెళ్ళేది, న్యూట్రల్‌లో వచ్చేది ఒకదాన్నొకటి కొట్టేసి సున్నా చూపిస్తుంది. 'మీటరు పాడైంది' అని షాపుకు తిరిగి తెచ్చేవాళ్ళలో చాలామంది చేసింది ఇదే. దీనికి ఒక టెస్ట్ త్రాడు తయారుచేసుకోవాలి:

- 16 ఆంపియర్ల ప్లగ్ టాప్ ఒకటి
- 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి, పక్కనే 6 ఆంపియర్ల సాకెట్ ఒకటి, రెండూ ఒకే సర్ఫేస్ బాక్సులో
- 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ త్రాడు ఒక మీటరు

త్రాడు మధ్యలో 15 సెంటీమీటర్ల మేర పై తొడుగును మాత్రమే నిలువుగా చీల్చి తీసేయండి. లోపలి మూడు తీగల రంగు ఇన్సులేషన్‌కు కత్తి గాటు పడకూడదు. పడితే ఆ ముక్క పారేసి కొత్తది తీసుకోండి, టేపు చుట్టి సరిపెట్టుకోవద్దు. ఫేజు తీగను (గోధుమ రంగు) కొంచెం పక్కకు లాగితే దవడ పట్టడానికి చోటొస్తుంది. 6 ఆంపియర్ల సాకెట్ వోల్టేజి చూడటానికి. అందులో ప్లగ్‌లా గుచ్చే చిన్న డిజిటల్ వోల్ట్‌మీటరు పెడితే ప్రోబులు దూర్చే పనే ఉండదు. దాని రీడింగును ముందొకసారి మంచి మీటరుతో పోల్చి, తేడా ఎంతో స్కెచ్ పెన్నుతో దాని మీదే రాసుకోండి.

తడి చేతులు, తడి బాత్రూము నేల వద్దు. టెస్ట్ త్రాడు బాత్రూము బయట ఉండాలి. గీజరు సాకెట్ బాత్రూములోనే ఉంటే ఈ కొలత ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. మీటరు బోర్డు మూత తెరిచే పని కూడా ఆయనదే.

గీజరు కొలత, మెట్టు మెట్టుగా

ప్లగ్ ఊడదీసి చల్లటి కొలతతో మొదలుపెట్టండి. థర్మోస్టాట్‌ను (నీళ్ళు కాగగానే ఆపే భాగాన్ని) ఎక్కువకు తిప్పి, ప్లగ్ ఫేజు, న్యూట్రల్ పిన్నుల మధ్య ఓములు చూడండి. 230 వోల్టులకు 2000 వాట్ల ఎలిమెంటు (నీళ్ళు కాచే తీగ) అయితే 230 × 230 ÷ 2000 = 26.45 రావాలి. అచ్చంగా అంతే రాదు. తయారీ ప్రమాణాలే రాసిన వాట్లకు 5 శాతం ఎక్కువ, 10 శాతం తక్కువ దాకా అనుమతిస్తాయి. అంటే 2100 నుంచి 1800 వాట్లు, ఓముల్లో 25.2 నుంచి 29.4. ఆ మధ్యలో ఏది వచ్చినా ఎలిమెంటు బాగున్నట్టే. ఇంకో తిరకాసు: కొన్ని గీజర్ల మీద 240 వోల్టులకు 2000 వాట్లు అని ఉంటుంది. దాని నిరోధం 28.8 ఓములు. 230 మీద అది 1837 వాట్లే ఇస్తుంది. ఎవరూ మోసం చేయలేదు, ప్లేటు చదవకపోవడమే.

మీటరు ఏమీ చూపకపోతే వెంటనే ఎలిమెంటు పోయిందనుకోవద్దు. ట్యాంకులో నీళ్ళు వేడిగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉంటుంది. నీళ్ళు చల్లారాక మళ్ళీ చూడండి. ఫేజు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఏదైనా అంకె కనిపిస్తే, అది మెగాఓముల్లో అయినా సరే, ఆ గీజరును వాడకుండా 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరుతో) పరీక్ష చేయించండి. మల్టీమీటరు కొలిచేది కొద్ది వోల్టుల మీదే. అసలు వోల్టేజి మీద లీకు ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

ఇప్పుడు నడిపిస్తూ కొలుద్దాం.

1. టెస్ట్ త్రాడును గోడ సాకెట్లో పెట్టండి. గీజరు ప్లగ్‌ను అందులో పెట్టి, ఆపే ఉంచండి. వోల్టేజి రాసుకోండి: 231.

2. గీజరు వేయండి. ఒక నిమిషం ఆగి వోల్టేజి, కరెంటు ఒకే సమయంలో చదవండి: 222 వోల్టులు, 8.4 ఆంపియర్లు.

3. ఆపేసి మళ్ళీ వోల్టేజి చూడండి. 231కి దగ్గరగా తిరిగి రావాలి. రాకపోతే మధ్యలో వీధి లైను వోల్టేజే మారిందన్నమాట. మొదటి నుంచి చేయండి.

4. ఇలా మూడుసార్లు చేసి సగటు తీసుకోండి.

నిరోధం: 222 ÷ 8.4 = 26.4 ఓములు. చల్లటి కొలతకు దగ్గరగా ఉంది, ఎలిమెంటు సరైనదే.
పవర్: 222 × 8.4 = 1865 వాట్లు.

రెండో మెట్టులో 222కి బదులు మొదటి 231 వేసి ఉంటే 1940 వాట్లు, 27.5 ఓములు వచ్చేవి. రెండూ తప్పు, రెండూ నమ్మేలాగే ఉన్నాయి. లోడు ఉన్నప్పటి కరెంటుకు లోడు ఉన్నప్పటి వోల్టేజే జోడీ.

వోల్టేజి తగ్గితే వాట్లు ఇంత గబగబా ఎందుకు పడిపోతాయి? వోల్టేజి తగ్గగానే కరెంటు కూడా అదే పాళ్ళలో తగ్గుతుంది. రెండు తగ్గినవాటిని గుణిస్తున్నాం. 190 వోల్టుల దగ్గర ఈ గీజరుది 190 × 190 ÷ 26.45 = 1365 వాట్లు. వోల్టేజి 17 శాతం తగ్గితే వేడి 32 శాతం పోయింది. 15 లీటర్ల నీటిని 25 నుంచి 55 డిగ్రీలకు తేవడానికి 1884 కిలోజౌళ్ళు కావాలి. 2000 వాట్లతో 16 నిమిషాలు, 1365తో 23 నిమిషాలు. ట్యాంకు నుంచి బయటికి పోయే వేడి దీనికి అదనం.

ఆ 9 వోల్టులు ఎక్కడ పోయాయి?

ఈ కొలతలో అసలు విషయం ఇక్కడుంది. గీజరు వేయగానే 231 కాస్తా 222 అయింది. ఆ 9 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ సాకెట్ దాకా దారిలో పడిపోయాయి. దారి నిరోధం 9 ÷ 8.4 = 1.07 ఓములు. అందులో వేడిగా పోతున్నది 9 × 8.4 = 76 వాట్లు.

ఇందులో వీధిది ఎంత, ఇంటిది ఎంత? ఎలక్ట్రీషియన్ చేత ఇంటి మీటరు అవుట్‌పుట్ దగ్గర కూడా గీజరు ఆపి, వేసి వోల్టేజి చూడమనండి. అక్కడ 231 నుంచి 227.5కి పడిందనుకుందాం. 3.5 వోల్టులు సర్వీసు వైరు, వీధి లైనువి. మిగిలిన 5.5 వోల్టులు ఇంట్లోనే పోతున్నాయి. నిరోధంగా చెప్పాలంటే 5.5 ÷ 8.4 = 0.65 ఓములు.

ఉండాల్సింది ఎంత? ఫ్లెక్సిబుల్ రాగి తీగకు 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు ప్రమాణాలు ఒప్పుకునే గరిష్ఠ నిరోధం ఇలా ఉంటుంది: 1 చదరపు మిల్లీమీటరుకు 19.5 ఓములు, 1.5కి 13.3, 2.5కి 7.98, 4కి 4.95, 6కి 3.30. మన ఎండాకాలంలో గోడలో తీగ 50 డిగ్రీలకు చేరితే ఇంకో 12 శాతం కలపాలి. మీటరు నుంచి గీజరు సాకెట్ దాకా 20 మీటర్ల దూరం, 2.5 తీగ అనుకుందాం. పోవడానికి 20, రావడానికి 20. ఈ 'రావడం' మర్చిపోయి సగమే లెక్కేయడం మామూలు పొరపాటు. 40 × 7.98 ÷ 1000 = 0.32 ఓములు. 8.4 ఆంపియర్లకు 2.7 వోల్టులు పడాలి. పడుతున్నవి 5.5. ఎక్కువగా పోతున్న 2.8 వోల్టులకు బహుశా ఏదో ఒక లూజు కనెక్షనే కారణం.

గీజరు నడుస్తుండగా ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు ప్లేటు విప్పి, 16 ఆంపియర్ల స్విచ్చు రెండు స్క్రూల మధ్య ఏసీ వోల్టేజి చూస్తాడు. ఆన్‌లో ఉన్న మంచి స్విచ్చు మీద వోల్టులో కొన్ని వందో వంతులు కనిపిస్తాయి. ఇక్కడ 2.6 వోల్టులు కనిపించింది. 2.6 × 8.4 = 22 వాట్లు. రేడియో మెకానిక్కుల దగ్గరుండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అంత వేడి ఆ చిన్న స్విచ్చు పొట్టలో, ప్లాస్టిక్ మధ్యలో పుడుతోంది. స్విచ్చు ముందు భాగం చెయ్యి పెడితే గోరువెచ్చగానే ఉంటుంది. వెనక స్క్రూ దగ్గర తీగ ఇన్సులేషన్ మాత్రం గోధుమరంగుకు తిరిగి పెళుసుగా విరుగుతుంది, రాగి పోగులు నల్లబడి ఉంటాయి. వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది, వదులైతే నిరోధం పెరుగుతుంది, పెరిగితే ఇంకా వేడి. ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే సరఫరా తెంపే స్విచ్చు) దీన్ని ఎప్పటికీ పట్టుకోదు, దానికి కనిపించేది 8.4 ఆంపియర్లే. ఆర్‌సీసీబీకి (కరెంటు లీకైతే సరఫరా తెంపేదానికి) కూడా ఇది అందదు, కరెంటు బయటికి లీకవడం లేదు కదా.

స్విచ్చు మార్చాలి, నల్లబడిన రాగిని కోసేసి కొత్త కొస బిగించాలి. తరువాత గీజరు దగ్గర 225 వోల్టులకు దగ్గరగా, కరెంటు 8.5గా చూపించాలి. చూపకపోతే ప్లగ్ పిన్నులు, సాకెట్ లోపలి స్ప్రింగు, ఎంసీబీ స్క్రూ, న్యూట్రల్ లింకు, ఈ వరసలో వెతకండి.

ఇంట్లో పోయిన 5.5 × 8.4 = 46 వాట్లు రోజుకు గంట చొప్పున నెలకు యూనిట్టున్నర కూడా కాదు. కాబట్టి ఇది బిల్లు కోసం చేసే పని కాదు.

ఇంటి మీటరుతో సరిచూసుకోవడం

క్లాంప్ మీటరు నిజం చెబుతోందా అన్న అనుమానం తీర్చుకోవడానికి గోడ మీదే సాక్షి ఉంది. డిజిటల్ ఎనర్జీ మీటరు మీద ఎర్ర లైటు మెరుస్తుంటుంది. పక్కనే యూనిట్టుకు ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది. 3200 ఒక మామూలు విలువ, మీ మీటరు మీద ఏముందో చూసుకోండి. ఇంట్లో ఫ్రిజ్, ఇన్వర్టర్, వైఫై సహా అన్నీ ఆపి గీజరు ఒక్కటే ఉంచండి. మెరుపు కనిపించగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి ఆ మెరుపును 'సున్నా' అనుకోండి, తరువాతి దాని నుంచి ఒకటి, రెండు... మొదటిదాన్నే ఒకటి అనుకుంటే ఒక మెరుపు తక్కువ పడుతుంది.

50 మెరుపులకు 29.4 సెకన్లు పట్టిందనుకుందాం. ఒక యూనిట్టు అంటే 1000 వాట్లు గంటసేపు, అంటే 36,00,000 వాట్-సెకన్లు.

వాట్లు = 36,00,000 × 50 ÷ (3200 × 29.4) = 1913

గీజరు దగ్గర 1865 వచ్చింది, ఇక్కడ 1913. మీటరు ఎక్కువ తిరుగుతోందని డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) అర్జీ పెట్టకండి. స్విచ్చు మార్చకముందు మీటరు దగ్గర ఉన్నది 227.5 వోల్టులు: 227.5 × 8.4 = 1911. తేడా అంతా ఇంటి వైర్లలోనూ ఆ స్విచ్చులోనూ పోయినదే.

ఫ్యాను, ఎల్‌ఈడీ బల్బు: ఇక్కడ ఈ లెక్క కుదరదు

ఫ్యాను కరెంటు క్లాంప్ మీటరుకు చాలా చిన్నది. ఫేజు తీగను దవడ చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించండి. 3.3 చూపిస్తే 0.33 ఆంపియర్లు. 230 × 0.33 = 76. కానీ ఇవి వాట్లు కావు, వోల్ట్ ఆంపియర్లు. చుట్టలు, కెపాసిటరు ఉన్న చోట వోల్టేజి, కరెంటు ఒకే క్షణంలో శిఖరానికి చేరవు. పవర్ ఫ్యాక్టర్‌తో గుణిస్తేనే వాట్లు. అది 0.95 అయితే 72 వాట్లు. అలాగే 230 ÷ 0.33 = 697 ఓములు అన్నది నిరోధం కాదు, ఇంపెడెన్స్ (ఏసీకి ఎదురయ్యే మొత్తం అడ్డు). చుట్టను మల్టీమీటరుతో కొలిస్తే అంత రాదు.

ఎల్‌ఈడీ బల్బులో తేడా మరీ ఎక్కువ. 9 వాట్ల చవక బల్బు 0.075 ఆంపియర్లు లాగితే 230తో గుణించగా 17 వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ దాదాపు సగమే అన్నమాట. ఇంటి మీటరు యూనిట్లు కట్టేది నిజమైన వాట్లనే కాబట్టి బిల్లులో 9 వాట్లే పడతాయి. ఇలాంటివాటికి పవర్ ఫ్యాక్టర్‌తో సహా చూపే ప్లగ్ రకం పవర్ మీటరు కొనుక్కోవడమే తేలిక. లేదంటే పైన చెప్పిన మెరుపుల పద్ధతి, అది ఎప్పుడూ నిజమైన వాట్లే చెబుతుంది.

బోరు మోటారు

త్రీఫేజుకు సూత్రం: వాట్లు = 1.732 × రెండు ఫేజుల మధ్య వోల్టేజి × ఒక ఫేజు కరెంటు × పవర్ ఫ్యాక్టర్. 5 హార్స్‌పవర్ మోటారు 400 వోల్టుల మీద 9 ఆంపియర్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తుంటే 4988 వాట్లు, అంటే గంటకు ఐదు యూనిట్లు. 5 × 746 = 3730 అని లెక్కేసేవాళ్ళు షాఫ్ట్ దగ్గర బయటికొచ్చే పవర్‌ను లెక్కేస్తున్నారు, మోటారు లోపలికి తీసుకునేదాన్ని కాదు.

తక్కువ వోల్టేజికి గీజరు తక్కువ కరెంటు తీసుకుంటే, మోటారు ఎక్కువ తీసుకుంటుంది. ఎత్తాల్సిన నీళ్ళు అవే కాబట్టి. 400 కాస్తా 340కి దిగితే 9 ఆంపియర్లు 10.6 దాకా పోతాయి. చుట్టలో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది: 39 శాతం ఎక్కువ. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న మోటార్లు ముందు కాలడానికి ఇదే లెక్క.

కేబుల్ సంగతి కూడా చూడాలి. 150 మీటర్ల లోతుకు 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే ఒక్కో కోరు 0.74 ఓములు. మూడు కోర్లలో కలిపి 3 × 9 × 9 × 0.74 = 180 వాట్లు పోతాయి. 2.5ది వేస్తే 290.

చుట్టలు, కేబుల్ కలిపి పరీక్షించడానికి స్టార్టరు ఆపి, మెయిన్ ఫ్యూజులు తీసి జేబులో వేసుకుని (ఇంకెవరూ పెట్టకుండా), కేబుల్ మూడు కొసల మధ్య జతలు జతలుగా ఓములు చూడండి. అంకె ఎంత అన్నదానికన్నా మూడూ సమానంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఎరుపు-పసుపు 4.6, పసుపు-నీలం 6.1, నీలం-ఎరుపు 6.1 వచ్చాయనుకోండి. ఎక్కువ వచ్చిన రెండు జతల్లోనూ ఉన్నది నీలం. చుట్టలు స్టార్ కనెక్షన్‌లో (మూడు చుట్టల ఒక్కో కొస ఒకేచోట కలిసి) ఉంటే నీలం దారిలో 1.5 ఓములు అదనంగా ఉన్నట్టు. 9 ఆంపియర్లకు అది 9 × 9 × 1.5 = 121 వాట్లు, బహుశా మోటారు దగ్గరి టేపు జాయింటులో. అయినా క్రేను వాళ్ళను పిలిచి మోటారు తీయించే ముందు స్టార్టరు అవుట్‌గోయింగ్ స్క్రూల నుంచి కేబుల్ విప్పి, రాగి కొసల్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, నేరుగా వాటి మీదే మళ్ళీ కొలవండి. తేడా అక్కడితో పోతే బోరు జోలికి వెళ్ళే పనే లేదు.